తిరుపతిలో ల్యాప్‌టాప్ రిపేరుకు ఇచ్చేటప్పుడు: బిల్లు, వారంటీ, డేటా

ల్యాప్‌టాప్ పట్టుకుని షాపులోకి అడుగు పెట్టగానే కౌంటర్ దగ్గర అడిగే మొదటి మాట "ఏం కంప్లైంట్ సార్?" రెండోది "పాస్‌వర్డ్ చెప్పండి." లోపల ఏమున్నాయి, అవి మీకు కావాలా అని మాత్రం సాధారణంగా అడగరు. మిషన్ ఆన్ అయితే వాళ్ళ పని అయిపోయినట్టే. ఎస్వీయూలో థీసిస్ రాస్తున్న అమ్మాయికో, ఇంకా ఆల్బమ్ వేయని పెళ్ళి ఫోటోలున్న స్టూడియో అతనికో, పదిమంది రిటర్నులు దాచుకున్న ట్యాక్స్ కన్సల్టెంటుకో ల్యాప్‌టాప్ కన్నా లోపలున్నదే విలువైనది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మిన షాపు మీకిచ్చింది బిల్లు. కంపెనీ ఇచ్చింది వారంటీ. రిపేరు చేసేవాళ్ళు ఇచ్చేది జాబ్ షీట్, అంటే ల్యాప్‌టాప్ తీసుకున్నట్టు రాసిచ్చే కాగితం. మీ ఫైళ్ళకు మాత్రం ఈ ముగ్గురిలో ఎవరూ పూచీ పడలేదు. ఏ కంపెనీ వారంటీ కాగితం తిరగేసినా డేటా పోతే బాధ్యత మాది కాదని రాసే ఉంటుంది. ఒకరు ఇచ్చిన మాటను ఇంకొకరి దగ్గరికెళ్ళి అడుగుతాం, అక్కడే గొడవ మొదలవుతుంది. అందుకే కింది పనులు ఈ వరుసలోనే చేయండి. ముఖ్యంగా మొదటిది చేశాకే మిగతావి.

మొదటి పని: ఫైళ్ళు బయటికి తీయండి

చచ్చిపోయిందనుకున్న ల్యాప్‌టాప్‌లో కూడా చాలాసార్లు డేటా క్షేమంగానే ఉంటుంది. డిస్‌ప్లే పగిలిందా? హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి తగిలించండి. బొమ్మ టీవీలో వస్తే హాయిగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. కీబోర్డు పనిచేయకపోతే యూఎస్‌బీ కీబోర్డు పెట్టండి. విండోస్ లోడ్ కాకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటే, ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా 'ట్రై' అన్నది నొక్కితే ఫైళ్ళు కనిపిస్తాయి. మీకు చేతకాకపోతే కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లల్లో ఎవరినైనా అడగండి, అది వాళ్ళకు పెద్ద పనేం కాదు.

అసలు ఆన్ కాకపోయినా, మదర్‌బోర్డు పోయిందని చెప్పినా, కంగారు పడకండి. హార్డ్ డిస్క్ గానీ ఎస్ఎస్‌డీ గానీ మదర్‌బోర్డు నుంచి విడిగా వచ్చే భాగమైతే దాన్ని తీసి ఒక కేసింగ్‌లో పెట్టి, ఇంకో ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ లాగా తగిలిస్తే చాలు. కేసింగ్ కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు మీ డిస్క్ శాటా రకమా, ఎన్‌వీఎమ్ఈ రకమా అని చెప్పి తీసుకోండి, సాధారణంగా ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. ఈ పనిని కొందరు 'డేటా రికవరీ' అని చెప్పి ఆ రేటు అడుగుతారు. ఒప్పుకోవద్దు. బాగున్న డిస్క్ తీసి కాపీ చేయడం రికవరీ కాదు, స్క్రూలు విప్పినందుకు, కాపీకి కూర్చున్నందుకు ఇచ్చే కూలి ఇస్తే సరిపోతుంది.

ఇలా కుదరని సందర్భాలు రెండున్నాయి. కొత్త మ్యాక్‌బుక్‌లలోను, కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలోను స్టోరేజీ చిప్పులు మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి, విడిగా రావు. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తమ ల్యాప్‌టాప్‌లో ఇది ఉందని చాలామందికి తెలియదు.

విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే తాళం వేసుకుంటుంది. రోజూ వాడేటప్పుడు ఏ తేడా తెలియదు. సర్వీస్ సెంటర్ వాళ్ళు మదర్‌బోర్డు మార్చిన రోజు నీలం రంగు స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ ఎంత బాగున్నా లోపలున్నవి చేతికి రావు. తాళం పగలగొడతామని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు మీద నొక్కితే బిట్‌లాకర్ కీస్ అని కనిపిస్తుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. అయితే ఏ అకౌంట్ అన్నదే అసలు సమస్య. కొన్నరోజు షాపులో అబ్బాయే ఏదో ఒక మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చి ఉంటాడు, మీరు రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్తూ ఉంటారు. ల్యాప్‌టాప్ బాగున్న రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ ఐడీ ఏదో చూడండి, మీది కాకపోతే మార్చుకోండి. కాలేజీ వాళ్ళో ఆఫీసు వాళ్ళో ఇచ్చిన ఐడీ అయితే కీ వాళ్ళ ఐటీ విభాగం దగ్గర దొరకవచ్చు.

ఇంకొకటి, టెన్షన్ పడే ముందు ఫోన్‌లో వన్‌డ్రైవ్ తెరిచి చూడండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే అందులోకి వెళ్ళి ఉండవచ్చు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే కాబట్టి అన్నీ ఉండవు, కానీ థీసిస్ ఫైలు దొరికితే మీకు అదే చాలు కదా.

డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకుండా వెంటనే ఆపేయండి. దాని సంగతి కింద వేరుగా చెప్తాను.

రెండో పని: బిల్లు, సీరియల్ నంబర్

బిల్లు వెతకండి. అందులో మూడు చూడాలి: తేదీ, షాపు జీఎస్టీ నంబర్, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్. జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలుంటాయి, మన రాష్ట్రంలో రిజిస్టరైన షాపుదైతే 37తో మొదలవుతుంది. తమిళనాడుది 33, కర్ణాటకది 29. ఆన్‌లైన్‌లో కొన్న చాలామంది తాము కొన్నది ఫలానా యాప్ దగ్గర అనుకుంటారు, బిల్లు చూస్తే బెంగళూరులోని ఏదో సెల్లర్ పేరుంటుంది. రేపు గొడవ వస్తే మీకు అమ్మినవాళ్ళు ఆ బిల్లులో పేరున్నవాళ్ళే.

సీరియల్ నంబర్ బిల్లు మీద లేకపోతే కొన్న రోజే రాయించుకుని సీలు వేయించుకోవాల్సింది. ఇప్పుడైనా షాపుకెళ్ళి అడగండి, వాళ్ళ సిస్టమ్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్ అడుగున, అట్టపెట్టె మీద, ఆన్ అయితే బయోస్‌లోను (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెటప్ స్క్రీన్) ఆ నంబర్ కనిపిస్తుంది. డెల్‌లో దీన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు. అడుగున స్టిక్కర్ చెరిగిపోకముందే ఒక ఫోటో తీసి మీకే వాట్సాప్ చేసుకోండి.

"బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం అన్నా" అనే బేరం గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, కాబట్టి ఆ తగ్గింపు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మీరు కొన్నారన్న రుజువే లేకుండా పోతుంది. అడిగినా బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే లెక్కేస్తుంది.

ఇప్పుడు ఆ సీరియల్ నంబర్‌ను కంపెనీ సైట్లో వారంటీ పేజీలో కొట్టండి. ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. కొన్నిసార్లు ల్యాప్‌టాప్ గోడౌన్ నుంచి బయల్దేరిన తేదీ నుంచే లెక్క మొదలై ఉంటుంది, అంటే షాపులో నెలల తరబడి పడున్న కాలం మీ వారంటీలోంచి పోతుంది. బిల్లు స్కాన్ చేసి కంపెనీకి మెయిల్ పెట్టి తేదీ సరిచేయమని అడగండి. ఈ పని కొన్న వారంలోనే చేస్తే ఉత్తమం, పాడయ్యాక చేస్తే రోజులు వృథా.

మూడో పని: వారంటీ ఎవరిదో తేల్చుకోండి

వారంటీ ఉంది అనుకోగానే షాపుకు పరుగెత్తకండి. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకోండి. మీది ఇంటికొచ్చి చేసే ఆన్‌సైట్ వారంటీనా, మీరే తీసుకెళ్ళాల్సిన క్యారీ ఇన్ వారంటీనా అని అడగండి. ఆన్‌సైట్ ఉందని తెలియక ఎండలో ల్యాప్‌టాప్ మోసుకుంటూ తిరిగేవాళ్ళున్నారు. కస్టమర్ కేర్ నంబర్‌ను గూగుల్‌లో వెతికి కనిపించిన మొదటిదానికి ఫోన్ చేయకండి. అందులో దొంగ నంబర్లు తిరుగుతుంటాయి, మీ ఫోన్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ యాప్ ఎక్కించుకోమంటారు, అకౌంట్ ఖాళీ చేస్తారు. నంబర్ కంపెనీ సైట్ నుంచి గానీ, ల్యాప్‌టాప్‌తో వచ్చిన కాగితం నుంచి గానీ తీసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సర్వీస్ సెంటర్ కూడా సైట్లోనే వెతకండి, తిరుపతి అయితే 517501, చిత్తూరు అయితే 517001 పిన్‌కోడ్ కొట్టి. బోర్డు మీద అన్ని కంపెనీల గుర్తులూ వరుసగా వేసుకున్నంత మాత్రాన అధీకృత సెంటర్ అయిపోదు. చిత్తూరు వాళ్ళకు మీ కంపెనీ సెంటర్ దగ్గర్లో లేకపోతే తిరుపతి కన్నా వేలూరు దగ్గర. మన దేశంలో కొన్నదానికి రాష్ట్రం దాటినా అదే వారంటీ చెల్లుతుంది. అమెరికా నుంచి అక్కో బావో తెచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. కొన్నిటికి అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, కొన్నిటికి దేశం మార్చి నమోదు చేయించాలి, కొన్నిటికి అసలు ఉండదు. ఫోన్‌లోనే అడిగి తేల్చుకోండి.

షాపులో డబ్బు కట్టి తీసుకున్న 'ఎక్స్‌టెండెడ్ వారంటీ' ఉంటే, అది ఎవరిదో చూడటం తప్పనిసరి. కంపెనీ సైట్లో మీ సీరియల్ నంబర్ కింద అది కనిపిస్తే కంపెనీది. కనిపించకపోతే షాపుదో, షాపు తరఫున వేరే సంస్థదో. అప్పుడు రెండో ఏడాది పాడైతే కంపెనీ సెంటర్‌కు వెళ్ళి పోట్లాడి లాభం లేదు, ఆ కాగితం మీదున్న నంబర్‌కే ఫోన్ చేయాలి. షరతులు కూడా వేరుగా ఉంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గిస్తూ పోయేవి కూడా ఉంటాయి. నన్నడిగితే, షాపు అమ్మే దానికన్నా కంపెనీ సైట్లో నేరుగా కొనే పొడిగింపే మేలు. అడగాల్సిన మనిషి ఒక్కడే ఉంటాడు.

వారంటీలో రానివి: కింద పడటం, నీళ్ళు టీ ఒలకడం, కరెంటు హెచ్చుతగ్గులతో కాలిపోవడం. వీటికి యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా ఉండాలి. మూడేళ్ళ వారంటీ తీసుకున్నా బ్యాటరీకి చాలావాటిలో ఏడాదే. ఎక్కువ గొడవలయ్యేది హింజ్ దగ్గర, అంటే మూత తెరిచి మూసే మడత దగ్గర. తెరిచేటప్పుడు పటుక్కుమని విరిగితే సెంటర్ వాళ్ళు ఫిజికల్ డ్యామేజ్ అంటారు, మీరు దానంతటదే విరిగిందంటారు. మూలల్లో సొట్టలు, గీతలు ఏమీ లేవని కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని వెళ్ళండి. పడి విరిగినదానికి సొట్ట ఉండాలి కదా అని అడగడానికి అప్పుడు ఆధారం ఉంటుంది. ర్యామ్ మీరే వేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం పోయిందని ఎవరైనా అంటే ఆ షరతు ఎక్కడుందో చూపించమనండి. సాధారణంగా మీరు వేసిన భాగానికి, దానివల్ల జరిగిన నష్టానికి మాత్రమే వారంటీ ఉండదు.

టీ ఒలికితే: ఛార్జర్ పీకండి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి, బోర్లా తిప్పి పెట్టండి, మళ్ళీ ఆన్ చేసి చూడకుండా షాపుకు తీసుకెళ్ళండి. బియ్యంలో పెట్టడం దండగ. చక్కెర, పాలు బోర్డు మీద అట్టకట్టి లోపల తుప్పు పట్టిస్తాయి, వాటిని కడిగితేగానీ పోవు.

నాలుగో పని: ఇచ్చే రోజు

జాబ్ షీట్ లేకుండా ఇవ్వకండి. "మన షాపే కదా అన్నా, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నా సరే. అందులో సీరియల్ నంబర్, మీరు చెప్పిన లోపం, ఛార్జర్ ఇచ్చారా లేదా, ఒంటి మీదున్న గీతలు, ఎప్పటికి ఇస్తారన్నది ఉండాలి. లోపం రాసేటప్పుడు 'నాట్ వర్కింగ్' అని ఒక్క ముక్క రాసేస్తారు. ఒప్పుకోకుండా వివరంగా రాయించండి: 'ఛార్జర్ పెట్టినా లైటు వెలగడం లేదు', 'అరగంట వాడగానే ఆగిపోతోంది'. ఇదే లోపం మళ్ళీ వస్తే, అది పాతదే అని చూపించేది ఈ వాక్యమే.

దాని కిందే ఈ మాటలు మీ చేత్తో రాయండి: 'ఇందులోని డేటా నాకు ముఖ్యం. నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు. డిస్క్ మార్చాల్సి వస్తే ముందుగా ఫోన్ చేయాలి.' ఫార్మాట్ కొట్టడం చాలా షాపుల్లో అలవాటుగా చేసే పని, చెడ్డ ఉద్దేశం ఉండదు. అందుకే రాతలో ఉండాలి. వారంటీలో డిస్క్ మారిస్తే పాతది సాధారణంగా కంపెనీ తీసేసుకుంటుందని గుర్తుంచుకోండి. అందులో మీ ఫైళ్ళు ఇంకా ఉంటే, వారంటీలో ఉచితంగా వచ్చే కొత్త డిస్క్ వదులుకుని పాతది మీ దగ్గరే ఉంచుకోవాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఆ నిర్ణయం కౌంటర్ దగ్గర కాకుండా ఇంట్లోనే తీసుకుని వెళ్ళండి.

పాస్‌వర్డ్ సంగతి. డిస్‌ప్లే, హింజ్, ఛార్జింగ్ పిన్ లాంటి పనులకు మీ అకౌంట్‌లోకి వెళ్ళాల్సిన అవసరమే లేదు. డిస్క్ విడిగా వచ్చేదైతే అది తీసి ఇంట్లో పెట్టుకుని ల్యాప్‌టాప్ మాత్రం ఇస్తానని అడగండి. బయటి షాపుల్లో చాలామంది ఒప్పుకుంటారు. కుదరకపోతే, ల్యాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు వేరే లోకల్ అకౌంట్ ఒకటి తయారు చేసి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. క్రోమ్‌లో దాచుకున్న బ్యాంకు పాస్‌వర్డ్లు, వాట్సాప్ వెబ్, మెయిల్ అన్నీ సైనౌట్ చేయండి. ల్యాప్‌టాప్ చేతిలో లేకపోయినా ఫోన్ నుంచి వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి తీసేయొచ్చు. సొంత ఫోటోలున్న ఆడపిల్లలైతే ఈ పని చేయకుండా ల్యాప్‌టాప్ గడప దాటించవద్దు.

భాగాలు మార్చేస్తారేమో అన్న భయం ఉంటే, ఇచ్చే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ దగ్గర ర్యామ్ ఎంతో, ఎస్ఎస్‌డీ ఏ మోడలో కనిపిస్తుంది, ఫోన్‌తో ఫోటో తీయండి. ఈ సంగతి నాలుగు మాటల్లో షాపతనికి కూడా తెలిసేలా చేయండి, అంతే.

బ్రహ్మోత్సవాల రోజుల్లోనో, సెమిస్టర్ పరీక్షలకు ముందు వారంలోనో ఇవ్వాల్సి వస్తే వాళ్ళు చెప్పిన గడువుకు ఇంకొంత కలుపుకోండి.

ఐదో పని: వారంటీ అయిపోతే బయటి షాపు

ఇక్కడ మీకు బలం బేరమే. చెకింగ్ ఛార్జ్ ఎంత, పని చేయించుకోకపోయినా కట్టాలా అని ముందే అడగండి. ఎస్టిమేట్ వాట్సాప్‌లో పంపమనండి, నోటిమాట వద్దు. మదర్‌బోర్డు పోయిందని చెప్తే ఒప్పుకునే ముందు చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాలు విడిగా మార్చే పని చేసే ఇంకో షాపులో చూపించండి. బోర్డు మొత్తం మార్చాలన్నది చాలాసార్లు ఒక చిన్న ఐసీతోనో కెపాసిటర్‌తోనో తేలిపోతుంది. మార్చిన పాత భాగం మీకు ఇవ్వమనండి. చేసిన పనికి గ్యారంటీ ఎన్నాళ్ళో బిల్లు మీద రాయించండి. బ్యాటరీ మారిస్తే కంపెనీదా, వేరేవాళ్ళు చేసిన కంపాటిబుల్‌దా అన్నది కూడా.

రిపేరు ఖర్చు అలాంటి కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే వద్దంటాను, డేటా తీసుకుని వదిలేయడమే మంచిది. ఎలక్ట్రానిక్స్ బజారైన చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్తే చవగ్గా అవుతుందని అందరూ చెప్తారు. భాగాలు కొనడానికి నిజమే. రిపేరుకు మాత్రం, మళ్ళీ పాడైతే మళ్ళీ అంత దూరం వెళ్ళాలన్నది లెక్కలో వేసుకోండి.

ఆరో పని: నిజంగానే డేటా పోతే

రెండు రకాలు. డిస్క్ బాగానే ఉండి ఫైళ్ళు డిలీట్ అయ్యాయి లేదా ఫార్మాట్ అయిపోయింది, ఇది మొదటిది. డిస్క్ దెబ్బతింది, ఇది రెండోది.

మొదటి రకంలో, చూసిన క్షణం నుంచి ఆ డిస్క్ మీద ఏదీ రాయకూడదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయడం అంటే మీరు వెతుకుతున్న ఫైళ్ళ మీదే కొత్తది రాయడం. డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, ఉచితంగా దొరికే రెకువా, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటివి అక్కడి నుంచి నడిపి, దొరికినవి వేరే డిస్క్‌లోకి తీయాలి. తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ బాగానే ఉంటుంది. ఎస్ఎస్‌డీ అయితే తక్కువ. డిలీట్ కాగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఎస్ఎస్‌డీ ఆ చోటును తానే చెరిపేసుకుంటుంది. ఎస్ఎస్‌డీ నుంచి డిలీట్ అయిన ఫైళ్ళు గ్యారంటీగా తెస్తామనే షాపును అనుమానించండి.

రెండో రకంలో హార్డ్ డిస్క్ టక్ టక్ మంటుంటే లోపల చదివే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తే అది డేటా ఉండే పళ్ళేన్ని గీసేస్తుంది, గీసిన చోట ఉన్నది ఇక రాదు. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపడం, ఫ్రిజ్‌లో పెట్టడం, చేత్తో తట్టడం ఏవీ వద్దు. ఇలాంటి డిస్క్‌ను దుమ్ము లేని క్లీన్ రూమ్‌లోనే విప్పాలి. మామూలు టేబుల్ మీద మూత తీసి చూపిస్తానన్న మనిషి దగ్గర్నుంచి వెంటనే డిస్క్ తీసుకుని వచ్చేయండి. చప్పుడు లేకుండా మెల్లగా చదువుతూ మధ్యలో ఆగిపోతుంటే అంత ప్రమాదం కాదు. అప్పుడు మంచి టెక్నీషియన్ ముందు డిస్క్ మొత్తానికి నకలు (ఇమేజ్) తీసి, ఆ నకలు మీదే పనిచేస్తాడు. "ముందు ఇమేజ్ తీస్తారా?" అని ఒక్క ప్రశ్న అడగండి, జవాబును బట్టే తెలిసిపోతుంది.

ఇక్కడ తీసుకున్న డిస్క్ చెన్నైకో బెంగళూరుకో వెళ్తుందా, ఎవరి దగ్గరికి అన్నది అడగండి. వెళ్ళేటట్టయితే మీరే నేరుగా వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. డేటా రాకపోతే డబ్బు తీసుకోరా, చూసినందుకు ఎంత, డబ్బు కట్టే ముందు దొరికిన ఫైళ్ళ జాబితా చూపిస్తారా, ఇవి రాతలో ఉండాలి. జాబితాలో పేర్లు కనిపించడం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు. మీకు ముఖ్యమైన నాలుగు ఫైళ్ళు తెరిచి చూశాకే డబ్బివ్వండి. డిస్క్ వారంటీలో ఉన్నా, ఇంకొకరు విప్పాక సాధారణంగా ఆ వారంటీ పోయినట్టే.

ఏడో పని: తీసుకునేటప్పుడు

డబ్బు ఇచ్చే ముందు అక్కడే ఆన్ చేసి కాసేపు వాడండి. ఛార్జింగ్, వైఫై, కెమెరా, స్పీకర్, అన్ని యూఎస్‌బీ పోర్టులు, టాస్క్ మేనేజర్‌లో పాత ఫోటోతో సరిపోల్చడం. స్క్రూలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూడండి. ఏం చేశారో, ఏ భాగం మార్చారో రాసిన సర్వీస్ రిపోర్టు తీసుకోండి. మదర్‌బోర్డు మార్చి ఉంటే బయోస్‌లో మీ సీరియల్ నంబరే ఉందా అన్నది కూడా, లేకపోతే ఈసారి వారంటీ చూసేటప్పుడు తంటా.

ఎనిమిదో పని: తేడా వస్తే

అదే లోపం మళ్ళీ మళ్ళీ వస్తోంది, లేదా నెలలు గడిచినా పార్ట్ రాలేదంటున్నారు, లేదా కొత్తదే పనిచేయడం లేదు. కొన్న తొలి రోజుల్లోనే పాడైతే సర్వీస్ సెంటర్ నుంచి 'డెడ్ ఆన్ అరైవల్' (చేతికి వచ్చేసరికే పాడైంది) సర్టిఫికెట్ అడగండి, దాన్ని చూపితే కొత్తది మార్చే అవకాశం ఉంటుంది. 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అన్న బోర్డు చూసి వెనక్కి రాకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే.

కౌంటర్ దగ్గర గొంతు పెంచడం వల్ల ఒరిగేది తక్కువ. ఎదురుగా ఉన్న అబ్బాయికి జీతమే అంతంతమాత్రం, నిర్ణయం అతని చేతిలో ఉండదు. మెయిల్ రాయండి, అమ్మిన షాపుకు, కంపెనీకి ఇద్దరికీ కలిపి, ఈ తీరులో:

'ఫలానా తేదీన మీ షాపులో ఫలానా బిల్లు నంబర్‌తో ఈ ల్యాప్‌టాప్ కొన్నాను. సీరియల్ నంబర్ ఇది. ఫలానా తేదీల్లో ఇదే లోపంతో సర్వీస్ సెంటర్‌కు ఇచ్చాను, జాబ్ షీట్లు జతచేశాను. లోపం ఇంకా అలాగే ఉంది. 15 రోజుల్లోగా సరిచేయడమో, మార్చి ఇవ్వడమో, డబ్బు తిరిగి ఇవ్వడమో చేయండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.'

కోపం మాటలు వద్దు, తేదీలు చాలు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే యాప్ వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి చేరవేసి సమాధానం అడుగుతారు. పెద్ద కంపెనీలు చాలావరకు ఇక్కడే దిగొస్తాయి. వీధి చివర షాపు మీద దీని ప్రభావం తక్కువ.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. తిరుపతిలోనూ ఉంది, చిత్తూరులోనూ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, సెల్లర్ బెంగళూరులో ఉన్నా మీరు అక్కడికి వెళ్ళనక్కర్లేదు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. షాపును, కంపెనీని, పని పాడు చేసింది సర్వీస్ సెంటరైతే వాళ్ళనీ పార్టీలుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని వాళ్ళు వాదించవచ్చు. సొంతంగా పనిచేసి పొట్టపోసుకోవడానికి కొన్న స్టూడియో అతనికి, కన్సల్టెంటుకు చట్టంలోనే మినహాయింపు ఉంది, ఆ మాట ఫిర్యాదులో ముందే రాయండి.

మామూలు కేసు మూడు నెలల్లో, సరుకును పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాల వల్ల అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. కేసు వేయాలని నిర్ణయించుకున్నాక ఆ ల్యాప్‌టాప్‌ను ఇంకే షాపులోనూ విప్పించకండి. కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపే అవకాశం ఉంటుంది, మధ్యలో ఇంకొకరి చెయ్యి పడిందని తెలిస్తే లోపం వాళ్ళదేనని అవతలి పక్షం అంటుంది. పని జరగాలి కాబట్టి డేటా కాపీ చేసుకుని, వేరేది అడిగి తెచ్చుకునో అద్దెకు తీసుకునో కానివ్వండి. అద్దె రసీదులు ఉంచుకుంటే ఆ ఖర్చు కూడా పరిహారంలో అడగవచ్చు.